అరకొర అభిమానుల తరఫున

2011 జులై 29, శుక్రవారం. హంగరీ గ్రాండ్ ప్రి వారాంతం అప్పుడే మొదలవుతోంది. పొద్దున్నే వచ్చిన వార్తతో బ్రిటన్‌లో ఫార్ములా వన్ కార్ల రేసులు చూసేవాళ్ళెవరికీ ఆ రోజు ప్రాక్టీసులో ఎవరు ముందున్నారో పట్టలేదు. వచ్చే ఏడాది నుంచి రేసులన్నీ డబ్బు కట్టి చూసే స్కైలో లైవ్. బీబీసీలో సగం రేసులే లైవ్, మిగతా సగం అన్నీ అయిపోయాక హైలైట్స్. నిజానికి బీబీసీకి 2013 దాకా కాంట్రాక్టు ఉంది. ఉండి కూడా రెండేళ్ళు ముందే చేతులెత్తేసి, ఆ హక్కుల్ని స్కైతో పంచుకుని, ఇది అందరికీ మంచిదే అన్న ధోరణిలో ప్రకటన ఇచ్చింది.

జనం ఎంత మండిపడ్డారో అర్థం కావాలంటే ఆ నెలలో ఇంకేం జరిగిందో గుర్తు చేసుకోవాలి. న్యూస్ ఆఫ్ ద వరల్డ్ పత్రిక ఆఖరి సంచిక వచ్చింది జులై 10న. హత్యకు గురైన అమ్మాయి ఫోన్ మెసేజీల్లోకి కూడా వాళ్ళు తొంగి చూశారని బయటపడి, దేశమంతా ఆ పత్రిక యజమాని మర్డోక్ పేరెత్తితే భగ్గుమంటున్న రోజులు. స్కైని మొత్తంగా కొనేద్దామనుకున్న ఆయన కంపెనీ 13వ తేదీన ఆ బేరం నుంచి వెనక్కి తగ్గింది. పదహారు రోజులు తిరక్కుండానే బీబీసీ వెళ్ళి అదే స్కైతో చెయ్యి కలిపింది. పుండు మీద కారం అంటే అదే. రేసుల గురించి పెద్దగా పట్టించుకోనివాళ్ళు కూడా ఆ వారం రేసుల గురించి తిట్టుకున్నారు.

నేనప్పుడు మిల్టన్ కీన్స్‌లో ఉన్నాను, ఇప్పుడూ ఇక్కడే. రెడ్ బుల్ టీము ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఆ కోపానికి ఓ మెలిక ఉంది. కార్లు తయారుచేసేవాళ్ళు మన వీధిలోనే ఉంటారు, పిల్లల్ని మన బడిలోనే వేస్తారు. టీవీ హక్కుల డబ్బు పెరిగితే వాళ్ళ ఉద్యోగాలకి మంచిదే. అందుకని ఇక్కడివాళ్ళు స్కైని తిట్టేటప్పుడు కూడా కాస్త గొంతు తగ్గించి తిట్టేవాళ్ళు.

ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి చూస్తే, ఆ రోజు మేమంతా అరిచిన అరుపుల్లో చాలా వాటికి పస లేదనిపిస్తుంది. ఒక్కదానికి మాత్రం ఉంది. ఆ ఒక్కటీ మేం సరిగ్గా చెప్పలేదు.

అందరూ అన్న మాట, ఉచితంగా వచ్చేదాన్ని ఇప్పుడు డబ్బిచ్చి చూడమంటున్నారని. ఉచితం ఎక్కడిది? బీబీసీ రేసులకి ప్రతి ఇల్లూ డబ్బు కట్టేది. ఏడాదికి 145.50 పౌన్లు లైసెన్స్ ఫీజు. టీవీ ఉన్న ప్రతివాడూ కట్టాల్సిందే, రేసు చూసినా చూడకపోయినా. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ ఫీజును ఆరేళ్ళపాటు పెంచకుండా కట్టడి చేసింది, పైగా వరల్డ్ సర్వీస్ ఖర్చు కూడా బీబీసీ నెత్తినే పెట్టింది. ఎక్కడో ఒకచోట కోత వెయ్యక తప్పదు. ఖండాలు తిరుగుతూ జరిగే రేసుల కంటే ఖరీదైన ఆట ఏముంది? బీబీసీ మీద నాకు అప్పట్లో ఉన్న కోపం ఇప్పుడు సగం జాలిగా మారింది.

దానికి ముందు 1997 నుంచి 2008 దాకా ఐటీవీలో వచ్చేవి. అది కూడా ఉచితమే అంటారు. మనం కట్టింది యాడ్లతో. 2005 ఇమోలా రేసు చూసినవాళ్ళకి ఆ బాధ గుర్తుండే ఉంటుంది. ముందు అలోన్సో, వెనకాల ఆనీ ఆనకుండా షూమాకర్. ల్యాపు మీద ల్యాపు అదే వరస, ఎక్కడ ముక్కు దూరుస్తాడా అని జనం ఊపిరి బిగబట్టి కూచున్నారు. రేసు కొసకి వచ్చేసిన ఆ సమయంలో ఐటీవీ యాడ్లలోకి వెళ్ళిపోయింది. ఆ ఏడాదికే గొప్ప పోరు జరుగుతుంటే తెర మీద ఇంకేవో అమ్ముతున్నారు. స్కై వచ్చాక రేసు మధ్యలో యాడ్లు లేవు. ప్రాక్టీసు దగ్గర్నుంచి అన్నీ చూపిస్తారు. మార్టిన్ బ్రండల్ కూడా బీబీసీ నుంచి అటే వెళ్ళాడు, కామెంటరీకి లోటు రాలేదు. ముదిరిన అభిమానికి స్కై అన్ని విధాలా మేలే చేసిందని ఒప్పుకోవాలి. నేను డబ్బు కడుతున్నాను. నెలనెలా విసుక్కుంటూ కడుతున్నాను, అది వేరే సంగతి.

మరి పోయిందేమిటి? పోయింది మాలాంటివాళ్ళకి కాదు. మేం ఎలాగో ఒకలాగ చూస్తాం. స్నేహితుల ఇంట్లో, పబ్బులో, అప్పు చేసైనా. పోయింది అరకొర అభిమానులకి. ఎవరైనా టీవీ పెడితే చూసేవాళ్ళు, డబ్బు కట్టమంటే మాత్రం ఎప్పటికీ కట్టనివాళ్ళు, వాళ్ళకి.

మా అమ్మ అలాంటి మనిషి. 2011 వేసవిలో నా పురిటికని తెనాలి నుంచి వచ్చింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఈ దేశంలో మధ్యాహ్నాలు ఎందుకింత పొడుగ్గా ఉంటాయని రోజూ అడిగేది. ఆదివారాలు నేను రేసు పెడితే సోఫా చివర కూచునేది. మొదటి రేసు చూసి, "ఎక్కడికెళ్తున్నారే వీళ్ళు? తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నారు" అంది. రెండో రేసుకి ఎర్ర బండి ఎవరిదో పట్టేసింది. రేసుకి ముందు నిలబడి మాట్లాడేవాళ్ళలో ఎడ్డీ జోర్డన్‌కి "పూలచొక్కాయన" అని పేరు పెట్టింది. ఆయన చొక్కాలు చూసినవాళ్ళెవరూ ఆ పేరుకి అభ్యంతరం చెప్పలేరు.

జూన్ 12న కెనడా రేసు. ఇక్కడ సాయంత్రం ఆరింటికి మొదలు. మాంట్రియల్‌లో వాన. సేఫ్టీ కారు, అంటే ప్రమాదం ఉన్నప్పుడు అందరికీ ముందు నెమ్మదిగా నడిచే కారు, దాని వెనక మొదలుపెట్టారు, కాసేపు నడిచింది, మళ్ళీ కుండపోత, ఎర్ర జెండా. కార్లన్నీ గ్రిడ్ మీద ఆపి పైన గుడారాలు కప్పేశారు. రెండు గంటల పైన ఏమీ లేదు. వాన, గొడుగులు, వానలో నిలబడి ఊసుపోక కబుర్లు చెప్పే కామెంటేటర్లు. నేను పడుకుందామనుకున్నాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో నిద్ర దొరికినప్పుడే పోవాలి. అమ్మ ఒప్పుకోలేదు. పిల్లని భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, "పాపం, ఎక్కడి పిల్లలో, ఇంత వానలో! వాళ్ళమ్మలు చూస్తూ ఉంటారు కదే" అంటూ తెర వైపే చూస్తోంది. ఈలోగా చారు పొంగి స్టవ్వంతా అయింది.

మళ్ళీ మొదలైంది. జెన్సన్ బటన్ అంతకుముందే సొంత టీము వాడైన హామిల్టన్‌తో రాసుకున్నాడు. తర్వాత అలోన్సోతో తగులుకున్నాడు. అన్నీ అయ్యి అందరికన్నా ఆఖరున మిగిలాడు. అక్కడి నుంచి ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చి, ఆఖరి ల్యాపులో వెటెల్ కాస్త తడి మీద జారగానే ముందుకెళ్ళిపోయాడు. నాలుగు గంటల నాలుగు నిమిషాల రేసు. ఫార్ములా వన్ చరిత్రలో అంతకన్నా పొడుగు రేసు లేదు. రాత్రి పది దాటింది. అమ్మకి అండర్‌స్టీర్ అంటే తెలీదు, పాయింట్లెలా ఇస్తారో తెలీదు. ఆఖరువాడు గెలిచాడని మాత్రం తెలిసింది. మర్నాడు తెనాలికి ఫోన్ చేసి మా పిన్నికి ఆ రేసు మొత్తం చెప్పింది, వానతో సహా.

ఆ రోజు ఆ రేసుకి ఎవరైనా డబ్బు అడిగి ఉంటే మా ఇంట్లో టీవీ పెట్టేవాళ్ళం కాదు. ఇల్లు అప్పుడప్పుడే కొనుక్కున్నాం, పిల్ల పుట్టింది, నా జీతం ఆగింది. నెలకి ఇంత అని ఆటల ఛానెల్‌కి కట్టే పరిస్థితి లేదు. బటన్ గెలిచిన సంగతి మర్నాడు పేపర్లో చదివేదాన్ని. అమ్మకి అసలు తెలిసేదే కాదు.

అమ్మ చూస్తే ఆటకి ఏం ఒరిగింది అని అడగొచ్చు. ఆవిడ టికెట్ కొనదు, టోపీ కొనదు, డిష్ పెట్టించదు. ఆ ప్రశ్న వేసేవాళ్ళకి ఆ ఏడాది డిసెంబరులో మా ఊళ్ళో జరిగింది చెప్పాలి. రెడ్ బుల్ వాళ్ళు టైటిల్ గెలిచిన సంబరంగా వెటెల్‌ని, వెబర్‌ని తీసుకొచ్చి నడివీధిలో, మిడ్‌సమ్మర్ బులెవార్డ్ మీద, అసలు కార్లు నడిపించారు. షాపింగ్‌కి బస్సెక్కి వెళ్ళే రోడ్డు మీద! కటిక చలి. ఇసకేస్తే రాలని జనం. పిల్లలు తండ్రుల భుజాల మీద, చెవులకి పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు. మా డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూచునే ఆవిడ కనపడింది. వీధి చివర కొట్టు గుజరాతీ ఆయన దుకాణం కట్టేసి మరీ వచ్చాడు. వీళ్ళెవరూ టైర్ల రంగులు తెలిసినవాళ్ళు కారు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో నడుస్తుంటే చూసినవాళ్ళు, అంతే. కారు దూసుకుపోయినప్పుడు కాళ్ళకింద రోడ్డు అదిరింది, మా పిల్ల ప్రామ్‌లో ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది, పక్కనున్న ముసలావిడ నవ్వుతూ వెబర్ పేరు పట్టుకుని అరిచింది. ముసలావిడకి వెబర్ ఎలా తెలుసు? టీవీ పుణ్యం.

తర్వాత రెండు మూడేళ్ళకి ఆ కొట్టాయన సోమవారం పొద్దున "ఎవరు గెలిచారు?" అని అడగడం మానేశాడు. సగం రేసులు ఒకచోట, సగం ఇంకోచోట, ఏది ఎప్పుడు వస్తుందో గుర్తుపెట్టుకునేంత శ్రద్ధ ఆయనకి లేదు. ఉండాలని అనడం కూడా న్యాయం కాదు. 2015తో బీబీసీ ఆ సగం కూడా వదిలేసింది. ఛానెల్ 4 మూడేళ్ళు చూపించింది. 2019 నుంచి లైవ్ రేసులు స్కైవే. ఛానెల్ 4లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి ఒక్కటి లైవ్, మిగతావి హైలైట్స్.

లెక్కల్లో చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 2008లో బ్రెజిల్‌లో హామిల్టన్ ఆఖరి మలుపు దగ్గర ఛాంపియన్‌షిప్ అందుకున్నప్పుడు ఐటీవీలో చూస్తున్నవాళ్ళు ఒక దశలో కోటీ ముప్పై లక్షలు. ఇప్పుడు స్కైలో మామూలు ఆదివారం రేసుకి పది పదిహేను లక్షల చుట్టూ ఉంటారు. అయినా ఆదాయం అప్పటికంటే ఎక్కువ. అదే ఈ వ్యాపారం కిటుకు. కోటిమంది అటూ ఇటూగా చూసేదానికంటే పదిలక్షల మంది కచ్చితంగా డబ్బు కట్టేదే లాభం.

లాభం ఎవరికి అన్నది ఇంకో ప్రశ్న. పెద్ద టీములకి, హక్కుల యజమానులకి వచ్చింది. కింది టీములు బతికేది ఎక్కువగా స్పాన్సర్ల మీద, స్పాన్సర్ చూసేది కళ్ళు ఎన్ని అని. 2014 అక్టోబరులో మరుసియా, కేటర్‌హామ్ రెండూ దివాలా అంచుకి వచ్చి అప్పులవాళ్ళ తరఫు అధికారుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. దానికి టీవీ ఒక్కటే కారణమని నేననను. పుట్టుకే అరకొరగా పుట్టిన టీములవి, ఇంజన్ల ఖర్చు ఆ ఏడాదే ఆకాశానికెక్కింది. కానీ తర్వాత జరిగిందే నాకు మింగుడుపడదు. కేటర్‌హామ్‌ని ఆఖరి రేసుకి అబుదాబి పంపడానికి అభిమానుల దగ్గర చందాలు పోగేశారు, పంపారు కూడా. రేసు చూడ్డానికి నెలనెలా కట్టే అభిమానే, ఆ రేసులో కార్లు ఉండటానికి కూడా చందా వెయ్యాల్సి వచ్చింది!

ఇక్కడ నాకు అడ్డం వచ్చే వాదన ఒకటి ఉంది, దాన్ని దాటవెయ్యలేను. ఆ రోజుల్లో మేమంతా శపించాం: కొత్త అభిమానులు పుట్టరు, ఆట ముసలిదైపోయి చస్తుంది అని. చావలేదు. అందరికీ తెలుసు. 2017లో అమెరికా కంపెనీ లిబర్టీ మీడియా ఫార్ములా వన్‌ని కొన్నాక ఫోన్లలో చిన్న చిన్న వీడియోలు వచ్చాయి, 2019లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చింది, అమ్మాయిలు వచ్చారు, అమెరికా వచ్చింది. అంతకుముందు ఆటని నడిపిన బెర్నీ ఎకెల్‌స్టోన్ హయాంలో ఇవేవీ లేవు. కుర్రాళ్ళని పట్టుకుని ఏం చేసుకుంటాం, వాళ్ళేమన్నా రోలెక్సులు కొంటారా, డబ్బున్న డెబ్భై ఏళ్ళాయన నయం అని 2014లో ఓ ఇంటర్వ్యూలో ఆయన చెప్పిన మాట జగమెరిగినదే. ఆ ముసలాయన అంచనా తప్పింది, మా శాపమూ తప్పింది.

అయితే వచ్చిన కొత్త అభిమానులు ఎలాంటివాళ్ళో మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి చెప్పగలను. అప్పుడు ప్రామ్‌లో ఏడ్చిన పిల్ల ఇప్పుడు హైస్కూల్లో ఉంది. డ్రైవర్ లెక్లెర్క్ కుక్కపిల్ల పేరు లియో అని దానికి తెలుసు. ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఏ టీముకి మారబోతున్నారో నాకంటే ముందు చెబుతుంది. రేసు పెడితే పది ల్యాపులు చూసి లేచిపోతుంది. ముక్క ముక్కలుగా ఫోన్లో వచ్చేస్తుంది కదా అంటుంది. దాన్నేమీ తప్పుపట్టను, ఆ ఇష్టం నిజమైనదే. కానీ మా అమ్మ వానలో రెండు గంటలు ఎదురుచూసి సంపాదించుకున్నది వేరే రకం. అమ్మ డ్రైవర్ల గురించి ఏమీ తెలియకుండా రేసు చూసింది, మనవరాలు రేసు చూడకుండానే డ్రైవర్ల గురించి అన్నీ తెలుసుకుంది. డబ్బు కట్టేవాళ్ళకి రేసు, కట్టనివాళ్ళకి రేసు చుట్టూ ఉన్న కబుర్లు. ఇప్పుడు ఏర్పాటు అలా ఉంది.

జర్మనీ కథ ఇంకా దారుణం. 1991 నుంచి ముప్పై ఏళ్ళు ఆర్‌టీఎల్‌లో అందరికీ వచ్చాయి. షూమాకర్ రోజుల్లో కోటికి పైగా చూసిన రేసులున్నాయి. 2020తో అది ముగిసింది, 2021 నుంచి అక్కడ కూడా ఎక్కువగా స్కైలోనే. సరిగ్గా ఆ 2021లోనే మిక్ షూమాకర్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. తండ్రిని దేశమంతా చూసింది, కొడుకుని చందాదారులు చూశారు. ఆ దేశంలో గ్రాండ్ ప్రి జరిగింది 2020లో నూర్బర్గ్‌రింగ్‌లో, అదే ఆఖరు. రేసు పోవడానికి అసలు కారణం ట్రాకులు కట్టాల్సిన భారీ ఫీజులే. ప్రభుత్వం ఆదుకోవాలని అడిగేంత జనం కూడా మిగల్లేదేమో అని నా అనుమానం.

ఈ అనుమానం నాకు హైదరాబాదు వల్ల వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది. దేశంలో మొదటిసారి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను ఇక్కడి నుంచే చూశాను. ఎన్టీఆర్ మార్గ్ మీద, కొత్త సెక్రటేరియట్ పక్కనుంచి రేసు కార్లు పోతుంటే కుర్చీలో కూచోలేకపోయాను. మా మరిది అక్కడే ఉంటాడు, ఫోన్ చేసి అడిగితే, "ఏం రేసో ఏమో వదినా, వారం నుంచి ఖైరతాబాద్ వైపు వెళ్ళలేక చస్తున్నాం" అన్నాడు. అతని తప్పేం లేదు. మన దగ్గర రేసులంటే ఎప్పుడూ కేబుల్ ప్యాకేజీలో ఏదో మూలన వచ్చే వ్యవహారమే. మన డ్రైవర్ నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కి వచ్చినప్పుడు కాస్త చూశారు, 2011 నుంచి మూడేళ్ళు నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్లో రేసు జరిగినప్పుడు కాస్త చూశారు. మూడుసార్లూ వెటెలే గెలిచాడు, పన్నుల గొడవల్లో రేసు పోయింది, మళ్ళీ మామూలే. తర్వాత ఆ మూల కూడా పోయింది. 2023లో టీవీ ఛానెల్ లేదు, ఫార్ములా వన్ సొంత యాప్ ఒక్కటే. 2024 నుంచి ఫ్యాన్‌కోడ్ అనే యాప్. రేటు చూస్తే ఇక్కడితో పోలిక లేనంత చవక, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ యాప్ వెతికి, దించుకుని, డబ్బు కట్టి చూసేవాడు అప్పటికే అభిమాని. మా మరిది ఆ పని చెయ్యడు.

2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సిన హైదరాబాదు రేసు, ప్రభుత్వం మారాక జనవరిలో రద్దయింది. తర్వాత అది రాజకీయ వివాదమై కేసుల దాకా వెళ్ళింది. ఎవరిది ఒప్పు ఎవరిది తప్పు అన్నదాంట్లోకి నేను పోను. నేను గమనించింది ఒక్కటే. రేసు పోయిందే అని బాధపడ్డవాళ్ళు నాకు తెలిసిన హైదరాబాదీల్లో ఇద్దరో ముగ్గురో. ఊరంతటికీ గుర్తున్నది ట్రాఫిక్. అరకొర అభిమానులు లేని చోట రేసుని ఎవరైనా తేలిగ్గా తీసేయగలరు. ఉంచమని అడగడానికి ఎవరుంటారు?

అడిగేవాళ్ళు ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. 2021 డిసెంబరు 12, అబుదాబి. హామిల్టన్, వెర్‌స్టాపెన్ సరిసమానంగా పాయింట్లతో ఆఖరి రేసుకి వచ్చారు. అప్పటికప్పుడు ఒప్పందం కుదుర్చుకుని స్కై వాళ్ళు ఆ ఒక్క రేసు ఛానెల్ 4కి కూడా ఇచ్చారు. రెండు చోట్లా కలిపి ఒక దశలో డెబ్భై లక్షల పైచిలుకు మంది చూశారు. ఆఖరి ల్యాపుకి ముందు రేస్ డైరెక్టర్ సేఫ్టీ కారుని లోపలికి పిలిచేశాడు, ముందున్న హామిల్టన్‌ని వెర్‌స్టాపెన్ దాటేసి టైటిల్ పట్టుకుపోయాడు. నాకు ఆశ్చర్యం వేసింది మర్నాడు. ఆఫీసులో పదేళ్ళుగా రేసు ఊసెత్తని మనుషులు, లిఫ్టులో, కాఫీ దగ్గర, అదే మాట. సేఫ్టీ కారు అంటే ఏమిటని నన్ను అడిగిన ఆవిడే మధ్యాహ్నానికి అది అన్యాయమని తీర్పు చెప్పేసింది. అంత గోల రేగాక ఆట నియమాలు చూసే సంస్థ ఎఫ్‌ఐఏ విచారణ పెట్టక తప్పలేదు, ఫిబ్రవరికల్లా ఆ రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీని పదవి నుంచి తప్పించారు. ఆ రేసుని చందాదారులు మాత్రమే చూసి ఉంటే కూడా గొడవ జరిగేది, కానీ అది మా ఇంటి గొడవలా మాలో మేం తిట్టుకుని సర్దుకునేవాళ్ళం. బయటివాళ్ళు చూశారు కాబట్టి జవాబు చెప్పాల్సి వచ్చిందని నా నమ్మకం.

అంతకు ముందు 2019 జులై 14న ఇంకో తమాషా జరిగింది. లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. 2005 యాషెస్‌ని ఛానెల్ 4లో దేశమంతా చూశాక, 2006 నుంచి ఇంగ్లండ్ క్రికెట్ కూడా స్కైకే పోయింది కదా. ఇంగ్లండ్ ఫైనల్‌కి రావడంతో స్కై ఆ మ్యాచిని ఛానెల్ 4కి ఇచ్చింది. అదే రోజు సిల్వర్‌స్టోన్ రేసు కూడా ఛానెల్ 4లోనే! రేసు వేళకి క్రికెట్‌ని పక్క ఛానెల్‌కి జరిపి, అయ్యాక మళ్ళీ తెచ్చారు. మా ఇంట్లో రిమోట్ అరిగిపోయింది. మామూలుగా ఎక్కువ భాగం మూసి ఉంచే రెండు ఆటలు ఒకే మధ్యాహ్నం ఒకే తలుపులోంచి వచ్చి తోసుకున్నాయి.

ఈ రెండు రోజుల్నీ చాలామంది స్కై ఉదారత అని మెచ్చుకున్నారు. నాకు నచ్చనిది అక్కడే. అది దయ. ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదు. హామిల్టన్‌కి బదులు ఇద్దరు విదేశీయులు ఆ స్థితిలో ఉండి ఉంటే ఇచ్చేవాళ్ళా? ఈ దేశంలో అందరికీ అందే ఛానెళ్ళకి కూడా హక్కులు కొనే అవకాశం ఇచ్చి తీరాల్సిన ఆటల జాబితా ఒకటి చట్టం ప్రకారం ఉంది. ఒలింపిక్స్, ఫుట్‌బాల్ ప్రపంచకప్, వింబుల్డన్ ఫైనల్స్, ఎఫ్‌ఏ కప్ ఫైనల్. గుర్రప్పందేలు రెండున్నాయి అందులో, గ్రాండ్ నేషనల్, డెర్బీ. ఎక్కువ టీములు ఈ దేశంలోనే కార్లు తయారుచేస్తున్నాయి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రేసు 1950లో జరిగింది సిల్వర్‌స్టోన్‌లోనే. కార్ల పందెం మాత్రం ఒక్కటీ లేదు. గుర్రాలకున్న పరపతి మా కార్లకి లేదు మరి.

అన్నీ ఉచితంగా చూపించాలని అడిగే అభిమానులతో నేను ఏకీభవించను. 2009లో పదిహేడు రేసులుండేవి, 2024లో ఇరవై నాలుగు. ఏ ప్రభుత్వ ఛానెల్ మొయ్యగలదు ఆ ఖర్చు? మొయ్యాలని అడగడం కూడా సబబు కాదు. ఆస్పత్రుల్లో నెలల తరబడి వరసలు కట్టే దేశంలో అజర్‌బైజాన్ క్వాలిఫయింగ్‌కి జనం డబ్బు పెట్టమని నేను మొహం పెట్టుకుని అడగలేను. ఇంకో విడ్డూరం, అలా అడిగేవాళ్ళలో చాలామంది నాలాగే ఇప్పటికే స్కైకి కట్టేవాళ్ళు. మన ఖర్చు మిగుల్చుకోవడానికి పేదవాడి పేరు వాడుకుంటున్నామా అని నాకెప్పుడూ ఓ మూల పీకుతుంది.

నేనడిగేది చిన్నది. సొంత దేశంలో జరిగే రేసు, ఏడాదిలో ఆఖరి రేసు, ఈ రెండూ లైవ్‌గా అందరికీ. టైటిల్ ఎవరికి వస్తుందో తేలిపోయినా సరే, మనవాడు పోటీలో లేకపోయినా సరే. దయగా వద్దు, కాగితం మీద. 2022లో కుదిరిన స్కై ఒప్పందం 2029 దాకా. ఆ తర్వాతి బేరానికి లిబర్టీ వాళ్ళు ఎవరితో కూచున్నా ఆ రెండింటినీ ముందే పక్కన పెట్టి మిగతావి అమ్ముకోవాలి. మిగిలిన ఇరవై రెండింటికి ఎంతంటే అంత కట్టడానికి నాలాంటివాళ్ళం ఉండనే ఉన్నాం, ఎలాగూ తిట్టుకుంటూనే కడతాం.